చెడిన వాహనము – చెడని దానము



శరణ ధర్మమున దానమను మాటకంటె దాసోహమను మాట పెద్దది. దానమున ఇచ్చువాడు మీద నుండును; పుచ్చుకొనువాడు క్రింద నుండును. దాసోహమున ఇచ్చువాడే క్రింద నుండును. ‘నేను దాసుడను’ అని తలవంచి, తన కాయక ఫలమును గురు లింగ జంగమముల ముందుంచి, వారు దానిని స్వీకరించుటయే తనకు కలిగిన అనుగ్రహమని భావించుట దాసోహము. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ నగరమున బిజ్జలుని భాండాగారమును చూచుకొనుచు బసవేశ్వరుడు బోధించిన మార్గ మిదియే. కాయకమును, దాసోహమును ఆయన రెండు ఎడ్లవలె ఒకే కాడికి కట్టినాడు. కాయకము శుద్ధము కానిచో దాసోహము నిలువదు. దాసోహము లేనిచో కాయకము కడుపు నింపుకొనుటతోనే ముగియును.

ఈ మాట చెవిని పడని లింగాయత గృహము లేదు. బసవ జయంతి నాడు మఠములలో విన్నదే, పెద్దలు పిల్లలకు లింగధారణ వేళ చెప్పినదే. అయినను వినుట వేరు. ఇంటి ముంగిట నిలిచియున్న ఒక వస్తువు విషయమున దానిని ఆచరించుట వేరు. పూర్వ మా ముంగిట పాడియావు, కాడెద్దులు, బండి ఉండెడివి. నేడు పెక్కిండ్ల ముంగిట మోటారు సైకిలో, కారో ఉన్నది. ఆ కారు ప్రమాదమున దెబ్బతినినప్పుడు, వరదనీట మునిగినప్పుడు, లేదా ముసలిదై షెడ్డునుండి కదలనప్పుడు గృహస్థునికి ఒక ఆలోచన పుట్టును: ‘దీనిని మఠమున కిచ్చివేయుదము. చోటు ఖాళీ యగును, పుణ్యమును వచ్చును.’

ఈ ఆలోచన మంచిదా, చెడ్డదా అని ఒక్క మాటలో తేల్చుటకు వీలులేదు. ఇందులో పాలును, నీరును కలిసియున్నవి. ఇచ్చుదమను బుద్ధి పాలు. వదలించుకొందమను బుద్ధి నీరు. రెండింటిని వేరు చేసి చూచుట భక్తుని పని.

వాజశ్రవసుని ఆవులు

కఠోపనిషత్తు ఈ ప్రశ్నతోనే ఆరంభమగుచున్నది. వాజశ్రవసుడు తనకున్న సర్వస్వమును దానము చేయవలసిన యజ్ఞమునకు పూనుకొనెను. దక్షిణగా ఆవులను తోలుకొని వచ్చుచున్నారు. అతని కుమారుడు నచికేతుడు చిన్నవాడు. ఆ బాలుడు ఆవులను చూచెను. అవి పాలు వట్టిపోయి, మరల ఈనుట కాశలేక, మేతకు, నీటికి కూడ ఓపిక చాలని ముసలి పసువులు. లెక్కకు ఆవులే, కొమ్ములున్నవి, తోకలున్నవి. కాని పుచ్చుకొన్న బ్రాహ్మణునకు వాని వలన పాలు రావు. వానికి మేత వేయు భారము మాత్రము వచ్చును. ఇట్టి దానము చేసిన తండ్రికి కలుగు గతి యేమని బాలుడు కలత చెందెను. తానును తండ్రి సొత్తే గదా యని తలచి, ‘నన్నెవరి కిచ్చెదవు?’ అని మరల మరల అడిగెను. తండ్రి విసిగి మృత్యువున కిచ్చెదననెను. తక్కిన కథ లోకప్రసిద్ధము.

ఇందులో గమనింపవలసినది వాజశ్రవసుడు పిసినారి యని శ్రుతి యెక్కడను నిందింపకుండుట. అతడు యజ్ఞము చేయుచున్నాడు, ఆవుల నిచ్చుచున్నాడు, చూచువారికి మహాదాతయే. లోపము బాలుని కంటికి మాత్రము కానవచ్చెను. ఏలయన బాలుడు ఇచ్చువాని వైపునుండి లెక్క చూడలేదు. పుచ్చుకొనువాని పెరటిలో నిలిచి చూచినాడు. దానమునకు సరియైన చూపు అదియే. ‘నేనెంత ఇచ్చితిని?’ అని అడిగినచో ఆవుల సంఖ్య తెలియును. ‘వారికేమి చేరెను?’ అని అడిగినచో సత్యము తెలియును.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఉదాహరణమునకు ఒక గృహస్థుని ఊహింతురుగాక. వరదలలో అతని కారు రెండు దినములు నీట మునిగినది. 2020 అక్టోబరులో హైదరాబాదు కాలనీలలోను, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోను ఇట్లు మునిగిన వాహనము లనేకము. నీరు తీసిన తరువాత ఆ గృహస్థుడు కారును కడిగించి, సీట్ల గుడ్డలు మార్పించి, ఎండలో నిలిపెను. పైకి అది చక్కగనే కనబడుచున్నది. అమ్మజూపిన ధర రాలేదు. అంత నతడు, దగ్గరి మఠమున చదువుకొను పిల్లలను వైద్యునికడకు తీసికొనిపోవుటకు పనికివచ్చునని తలచి, పూలమాల వేసి సమర్పించుటకు దినము నిర్ణయించెను.

ఇంట వృద్ధురాలైన తల్లి ఉన్నది. ఆమె లింగపూజ ముగించి వచ్చి అడిగెను: ‘నాయనా, ఆ కారులో నీ బిడ్డలను కూర్చుండబెట్టి శ్రీశైలము ఘాటు రోడ్డు మీద పంపుదువా?’

కుమారుడు కొంచెము తడబడి, ‘లేదమ్మా. బ్రేకులు నమ్మునట్లు లేవని మెకానిక్ చెప్పినాడు’ అనెను.

‘మరి మఠములోని పిల్లలు ఎవరి బిడ్డలు నాయనా?’

ఆ ప్రశ్నకు ధర్మశాస్త్రములు వెదకనక్కరలేదు. నీట మునిగిన కారును గూర్చి తెలిసినవారు చెప్పునదియు ఇదియే. ఇంజనులోనికి నీరు చేరియుండగా నడిపింపజూచినచో లోపలి కడ్డీలు వంగిపోవును. విద్యుత్తు తీగల కొనలు తుప్పుపట్టుట వెంటనే తెలియదు. వారములు, నెలలు గడచిన పిమ్మట తెలియును. ప్రమాదవేళ తెరచుకొనవలసిన ఎయిర్‌బ్యాగులు తెరచుకొనకపోవచ్చును. పైపూత తళతళలాడుచుండగనే లోన ఆపద పెరుగుచుండును. ఆ సంగతి ఇచ్చువానికి తెలియును, పుచ్చుకొనువానికి తెలియదు. దాచినది దోషము కారులో లేదు, మనస్సులో ఉన్నది. తెలిసి చెప్పని దోషము అసత్యమే. పూలమాల దానిని సత్యము చేయజాలదు.

కన్నప్ప ఎంగిలి

ఇచ్చు వస్తువు శుద్ధి యనగా నేమో తెలుపుటకు తెలుగునేలనే పుట్టిన కథ యున్నది. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కన్నప్ప కథను ద్విపదలో పాడినాడు. ధూర్జటి శ్రీకాళహస్తి క్షేత్ర మహిమను చెప్పుచు తిన్నని కథగా విస్తరించినాడు. ఆ బోయ బాలుడు వేటలో దొరికిన మాంసమును కాల్చి, ప్రతి ముక్కను తన నాలుకపై నుంచి రుచి చూచి, మెత్తనిది, తీయనిది ఏరి శివునకు పెట్టెను. గట్టిదియు, చప్పిడిదియు తాను తినెను. ఆచారవంతుడైన పూజారి కంటికి అది ఎంగిలి. శివుని కంటికి అది నైవేద్యములలో నుత్తమము.

ఎంగిలి ఎందుకు ఉత్తమమయ్యెను? తిన్నడు పరీక్షింపక ఏదియు పెట్టలేదు గనుక. స్వామికి పెట్టుదానిలో చెడుగు లేదని తానే ముందు నిర్ధారించుకొన్నాడు. ఇంద్రియమున కింపైనదానిని లింగమునకు ముందుగా అర్పించి, ప్రసాదముగా అనుభవింపుమని శరణులు చెప్పిన నియమము అతనికి పుట్టుకతోనే తెలిసినది. పిదప లింగము కంట నెత్తురు కారగా అతడు తన కంటిని పెకలించి పెట్టెను. అది చూపు మందగించిన కన్ను కాదు; వేటకాని నిశితమైన కన్ను. తనకు పనికిరానిది కనుక ఇచ్చినది కాదు. అదే పనికి వచ్చును గనుక ఇచ్చినది.

పాత కారు నిచ్చువాడు కన్ను ఇచ్చినంత పని చేయనక్కరలేదు. ఎవరును అంత అడుగుట లేదు. కాని కన్నప్ప నాలుకతో చేసిన పనిని మెకానిక్ చేత చేయించవచ్చును. ఇచ్చుటకు ముందు పరీక్షింపజేయుట కన్నప్ప మార్గము. పరీక్షింపక ఇచ్చుట, పరీక్షించి తేలినది దాచుట, రెండును ఆ మార్గము కావు.

ఒక దేశపు చట్టము చెప్పిన ధర్మము

పాత కారును ధర్మసంస్థ కిచ్చుట అమెరికా దేశమున చిరకాలముగా వాడుకలో నున్నది. అక్కడ స్థిరపడిన లింగాయత, తెలుగు కుటుంబములకు ఇది తెలిసిన విషయమే. నడవని కారునైనను సంస్థ తరఫువారు వచ్చి లాగుకొనిపోదురు. వేలములో అమ్మి ఆ సొమ్మును సేవకు వాడుదురు. ఇచ్చినవానికి ఆదాయపు పన్నులో తగ్గింపు కలదు.

2004 వరకు ఆ తగ్గింపును, దాత తన కారునకు తాను అంచనా వేసికొన్న అంగడి విలువను బట్టి కోరుకొనెడివాడు. ఆ దేశపు ప్రభుత్వ లెక్కల తనిఖీ కార్యాలయము 2003లో 54 వాహన దానముల వివరములు తీసి చూచెను. వానిలో సుమారు మూడింట రెండు వంతులలో, ధర్మసంస్థ చేతికి వచ్చినది దాత చెప్పిన విలువలో నూటికి 5 వంతులో, అంతకంటె తక్కువయో మాత్రమే. వేలపు ధర తక్కువ. లాగుటకు, అమ్ముటకు, ప్రకటనలకు మధ్యవర్తుల ఖర్చు ఎక్కువ. దాత నోట నూరు. దీనుని చేతిలో ఐదు. వాజశ్రవసుని ఆవుల లెక్కయే చక్రములమీద తిరిగి వచ్చినది.

అంత 2004లో ఆ దేశము చట్టమును మార్చెను. 2005 జనవరి 1 నుండి, 500 డాలర్లకు మించిన విలువ కోరినప్పుడు, సంస్థ ఆ వాహనమును అమ్మివేసినచో, అమ్మగా వచ్చిన మొత్తమే దానపు విలువ. దాత అంచనా చెల్లదు. అయితే మూడు సందర్భములను చట్టము వేరుగా నుంచినది. సంస్థ ఆ వాహనమును తన సేవలో నిజముగా వాడుకొన్నప్పుడు. దానికి గట్టి మరమ్మతు చేయించి విలువ పెంచినప్పుడు. బీదవానికి ఉచితముగానో, అంగడి ధరకు చాల తక్కువగానో దానిని అందించినప్పుడు. ఈ మూడింటిలో వాహనపు నిజమైన విలువనే లెక్కింపనిచ్చినది.

ఇది పన్నుల చట్టము, ధర్మగ్రంథము కాదు. అయినను దాసోహమెరిగినవాడు దీనిని చదివినచో ఆశ్చర్యపడును. దానమునకు విలువ ఇచ్చువాని మాటలో లేదు, పుచ్చుకొన్నవాని ప్రయోజనములో నున్నదని ఆ చట్టమంగీకరించినది. వాడుక, బాగుచేత, బీదవానికి చేరుట అను మూడు గుర్తులను పెట్టినది. లెక్కల అధికారి దృష్టిలో నిలువని దానము లింగదృష్టిలో ఎట్లు నిలుచును?

మన దేశమున ఆదాయపు పన్ను చట్టము వస్తురూపమున ఇచ్చినదానికి మినహాయింపు నీయదు. అర్హత గల సంస్థకు ధనరూపమున ఇచ్చినప్పుడే, అదియు పాత పద్ధతిని ఎన్నుకొన్నవారికే, ఆ సౌకర్యము. నగదు 2000 రూపాయలు మించినచో చెల్లదు. చెక్కు మొదలగు మార్గములలో ఈయవలెను. కనుక ఇక్కడ కారు నిచ్చువానికి పన్నుల ఆశ లేదు. ఒక విధముగా అది మేలే. పుణ్యమునకు తప్ప వేరొకదానికి ఇచ్చితినను శంక అతనికుండదు.

పేరు మారనిచో భారము మారదు

దానమున మనస్సు శుద్ధమైనను, కాగితము శుద్ధము కాకున్న కీడు కలుగును. భక్తు లీ భాగమును లౌకికమని తలచి దాటివేయరాదు. సదాచారమనగా లోకముతోడి వ్యవహారములో సత్యము తప్పకుండుట.

1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, వాహనము ఒకరినుండి మరొకరికి చేరినప్పుడు, ఇచ్చినవాడు ఒకే రాష్ట్రములోనైన 14 దినములలోపల ఆ సంగతి రవాణా శాఖకు తెలుపవలెను. పుచ్చుకొన్నవాడు 30 దినములలోపల తన పేరు నమోదు చేయించుకొనవలెను. ‘మఠమే గదా, తరువాత చూచుకొందురు’ అని తాళపుచెవులు చేతిలో పెట్టి వచ్చువారు ఉందురు. పేరు మారకయే ఆ కారు వలన ప్రమాదము జరిగినచో? 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పినది: నమోదులో ఎవరి పేరున్నదో వారే చట్టము దృష్టిలో యజమాని, చేతులెన్ని మారినను పరిహారపు భారము ఆ పేరుగలవానిపై నుండును. ఇతరులకు కలుగు నష్టమునకు బీమా లేకుండ వాహనమును రోడ్డు మీదికి తెచ్చుటయే నేరము. బీమా గడువు తీరిన కారును మఠమున కిచ్చుట, అనుకోని అప్పు నొకదానిని స్వామివారి గద్దె క్రింద పెట్టివచ్చుట వంటిది.

పూర్తిగా చెడి, ఇక నడుపుటకు వీలులేని కారు సంగతి వేరు. అట్టిదానిని నమోదునుండి తొలగింపుమని యజమానుడే రవాణా శాఖకు తెలుపవలసియున్నది. అట్లు చేయక వదలినచో, ఆ కారు నంబరు పలక, అచ్చొత్తిన గుర్తులు దుర్మార్గుల చేతిలో పడి, దొంగిలించిన వేరొక కారునకు ముసుగగుట కలదు. దానము చేయబోయిన చేయి దొంగకు దారి చూపినట్లగును.

నాలుగు మార్గములు

అయినచో దెబ్బతినిన కారును ఈయనే కూడదా? కూడును. చెడినది వస్తువు, చెడరానిది దానము. దానికి నాలుగు మార్గములు కనబడుచున్నవి.

మొదటిది, బాగుచేయించి యిచ్చుట. బ్రేకులు, స్టీరింగు, టైర్లు, దీపములు నమ్మకమైనవానిచేత చూపించి, ఖర్చును తానే భరించి, బీమా కట్టి, పేరు మార్పించి, తాళపుచెవులతోపాటు ఆ కాగితములను కూడ సమర్పించుట. ఇందులో కారుకంటె మరమ్మతుకు పెట్టిన ధనమే నిజమైన దాసోహము. ఏలయన కారు పోయినను అతనికి లోటు లేదు. ఆ ధనము అతని కాయకమునుండి వచ్చినది.

రెండవది, విద్యకు ఇచ్చుట. రోడ్డుకు పనికిరాని కారు పాఠశాలకు పనికివచ్చును. పారిశ్రామిక శిక్షణ సంస్థలలో మోటారు మెకానిక్ విద్య నేర్చు పిల్లలకు, విప్పి మరల బిగించుటకు ఒక ఇంజను, ఒక గేరుపెట్టె, ఒక బ్రేకు చక్రము కావలెను. కొత్తదానిని విప్పనిచ్చువారుండరు. నమోదు తొలగింపించి, నూనె, పెట్రోలు తీయించి, ‘ఇది నడుపుటకు కాదు, నేర్చుటకు’ అని వ్రాసి యిచ్చినచో, ఆ చెడిన కారు ఏండ్ల తరబడి పిల్లల చేతులకు కాయకము నేర్పును. నులియ చందయ్య గడ్డి కోసి, త్రాడు పేని, ఆ త్రాళ్లమ్మిన డబ్బుతో జంగమ దాసోహము చేసినాడు. చేతివిద్య నేర్పుట ఆ చందయ్యకు చేయు సేవయే. దాచిన దోషము హాని చేయగా, చెప్పిన దోషము పాఠమగుచున్నది.

మూడవది, తుక్కుగా మార్చి ఆ సొమ్ము నిచ్చుట. 2021లో భారత ప్రభుత్వము వాహనములను తుక్కు చేయు కేంద్రములకు నియమములను ప్రకటించినది. నమోదైన కేంద్రమునకు కారు నప్పగించినచో, వారు తుక్కు ధర చెల్లించి, అప్పగింత ధ్రువపత్రము నిత్తురు. బ్యాటరీలోని సీసము, ఆమ్లము, ఇంజనులోని మురికి నూనె మట్టిలో, చెరువులో కలియకుండ వేరు చేయుదురు. ఊరిబయట ఎవరికో అమ్మినచో నాలుగు రూపాయ లెక్కువ రావచ్చును. కాని ఆ నూనె త్రాగిన నేలలో పండినది తిరిగి ఎవరి ప్రసాదముగా వచ్చునో తలచుకొనవలెను. వచ్చిన తుక్కు సొమ్మునకు తన కాయకమునుండి కొంత చేర్చి, మఠపు అన్న దాసోహమున కిచ్చినచో, వరదలో మునిగిన కారు అన్నపు మెతుకుగా తేలును.

నాలుగవది, సత్యము చెప్పి నిర్ణయమును వారికే విడుచుట. బాగుచేయు స్తోమత అందరికి ఉండదు. అట్టివాడు సిగ్గుపడనక్కరలేదు. ‘అయ్యా, కారు నీట మునిగినది. ఇంజను ఇట్లున్నది, బ్రేకులు ఇట్లున్నవి. బాగుచేయించుటకు నాకు శక్తి లేదు. తమకు పనికివచ్చునన్న స్వీకరింపుడు. కాదన్న మన్నింపుడు’ అని చేతులు జోడించి చెప్పవచ్చును. ఆ మాటలోనే దాసుడున్నాడు. ఆ మాట లేక తళతళలాడు కారు నిచ్చినను, అక్కడ దాత మాత్రమే యున్నాడు.

‘ఏమియు లేనిదానికంటె చెడినదైన మేలు గదా’ యని కొంద రందురు. చినిగిన దుప్పటి విషయమున అది కొంతవరకు నిజము. చినిగిన దుప్పటి చలిని కొంతయైన ఆపును, ఎవరిని చంపదు. బ్రేకులు లేని కారు అట్టిది కాదు. వస్తువును బట్టి వివేకము మారవలెను.

పుచ్చుకొనువారి ధర్మము

ఈ విషయమున భక్తులతోపాటు మఠములును ఆలోచింపవలసి యున్నది. ఇచ్చినదానిని కాదనుట భక్తుని నొప్పించుటయని కొందరు స్వాముల సంకోచము. పెద్ద యింటివాడు తెచ్చిన కారును నిరాకరించిన రేపు పండుగ చందా రాదేమోయను భయము కార్యనిర్వాహకులకు. అందువలన మఠపు ఆవరణలో చెట్టు క్రింద కదలని వాహనములు నిలిచి, చక్రములలో గడ్డి మొలచుట కానవచ్చును. లేదా మరమ్మతుల పేరిట వేలు ఖర్చగును. ఆ వేలు ఎక్కడివి? పొలములో కూలిచేసి హుండీలో పది రూపాయలు వేసిన తల్లివి. ధనికుని కారును బీదరాలి పదిరూపాయలు మోయుచున్నవి. ఎవరు ఎవరికి దానము చేసినట్లు?

తుమకూరు సిద్ధగంగా మఠమును దీర్ఘకాలము నడిపిన శ్రీ శివకుమార స్వామివారు (1907–2019) అన్నము, అక్షరము, ఆశ్రయము అను త్రివిధ దాసోహమును లోకమునకు చూపినారు. వేలాది పిల్లలు కులమతభేదము లేక ఆ మఠమున తిని, చదివి, పెరిగినారు. అట్టి దాసోహము చెట్టు క్రింది పాత బండ్లతో నడచునది కాదు; పంటలోనుండి తీసి తెచ్చిన గింజతోను, నెల నెల తప్పక చేరు కాయక ఫలముతోను నడచునది. మఠమునకు నిజముగా ఏమి కావలెనో భక్తులకు చెప్పుట స్వాముల ధర్మము. అడిగి తెలిసికొని యిచ్చుట భక్తుల ధర్మము. పనికిరానిదానిని మృదువుగా నిరాకరించుట భక్తుని అవమానించుట కాదు. అతనిని వాజశ్రవసుని గతినుండి తప్పించుట.

పుచ్చుకొనునప్పుడు ఆయ్దక్కి లక్కమ్మను తలచుకొనవలెను. ఆమె భర్త మారయ్య కల్యాణములో నేలరాలిన బియ్యపు గింజల నేరి తెచ్చెడివాడు. అది వారి కాయకము. దానితోనే వారి దాసోహము. ఒకనాడతడు మామూలుకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. ఆ ఇల్లాలు సంతోషింపలేదు. ఆ దినపు దాసోహమునకు మించినది ఆశ యగునని చెప్పి, మిగులును వెంటనే తీసికొనిపోయి వచ్చినచోటనే పోసి రమ్మనెను. మారయ్య ఆ మాట శిరసావహించెను. నేలరాలిన గింజలతో జీవించు ఇల్లాలు మేలైన బియ్యమునే వద్దనగలిగినప్పుడు, మఠము పనికిరాని వాహనమును వద్దనలేదా?

లక్కమ్మ కథలో మరియొక మర్మమున్నది. నేలరాలిన గింజ కూడ ఒక విధముగా పారవేయబడిన వస్తువే. ఆ దంపతులు దానినేరి, మట్టి దులిపి, రాళ్లు తీసి, కడిగి, వండి, జంగమునకు పెట్టిరి. వస్తువు పారవేసినది అయినందున అది హీనము కాలేదు. వారి చేతిశ్రమ దానిని ప్రసాదము చేసినది. చెడిన కారు విషయమున భక్తుడు నేర్చుకొనవలసిన పాఠమంతయు ఇందులోనే యున్నది. రాళ్లేరక వండినచో పెట్టినది అన్నము కాదు.

కాయమను వాహనము

వస్తువును గూర్చిన ఈ విచారము చివరకు వ్యక్తిని గూర్చిన విచారమే. కారు చెడినపిమ్మట మఠము గుర్తుకు వచ్చినవానికి, కాయము చెడినపిమ్మట శివుడు గుర్తుకు వచ్చును. ఉద్యోగము విడిచిన తరువాత పూజ, పిల్లల పెండ్లిండ్లైన తరువాత సేవ, మోకాళ్లు నొచ్చిన తరువాత యాత్ర అని వాయిదా వేయువారు పెక్కురు. కన్ను నిశితముగా నున్ననాడు చూడనివాడు, పొర కమ్మినపిమ్మట లింగమును వెదకును. వీరశైవులు పసిబిడ్డకే లింగధారణ చేయుట ఈ వాయిదాను మొదటనే త్రెంచుటకు. బలమున్న చేతిలో లింగమునుంచి, బలమున్ననాడే దాసోహము చేయుమని ఆ సంస్కారము చెప్పుచున్నది.

అట్లని ఆలస్యముగా వచ్చినవానిని శివుడు త్రోసివేయడు. విరిగి, అలసి, ఏమియు మిగులక వచ్చినవాడు ‘స్వామీ, నా స్థితి యిది’ అని ఉన్నదున్నట్లు చెప్పుకొన్నచో అతడును శరణుడే. లింగము అంగీకరింపనిది చెడినదానిని కాదు, చెడుగును దాచి మాలవేసినదానిని.

ఇంటి ముంగిట దెబ్బతినిన వాహనమున్న గృహస్థుడు దానిని మఠమునకు పంపునంతకు ముందు దినము దాని ప్రక్కన నిలిచి, ఆ తల్లి అడిగిన ప్రశ్నను తనను తానడుగుకొనవలెను. ఆ ప్రశ్నకు తడబడక ఉత్తరము చెప్పగలిగినచో కారు బాగుచేసినదైనను, తుక్కైనను, పాఠశాలకు చేరిన ఇనుప ముక్కయైనను, అది దాసోహమే. తడబడినచో తాళపుచెవిని మరల గూటిలో నుంచి, ముందు మెకానిక్‌ను పిలువవలెను.